ఎడం పక్క పల్లం

మా ఇల్లు రోజుకో సైజులో ఉంటుంది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. నొప్పి కాస్త దయతలచిన రోజున మంచం మీంచి లేచి పెరట్లో కుళాయి దాకా ఇట్టే వెళ్ళొచ్చేస్తాను. నొప్పి లేచిన రోజున అదే కుళాయి పక్క ఊళ్ళో ఉంటుంది. మధ్యలో హాలు సాగుతుంది. వంటింటి గడప పైకి లేస్తుంది. గుమ్మాలు సన్నబడి, దాటబోయేసరికి ఎడం భుజం మీద ఓ దెబ్బ వేసి మరీ పంపిస్తాయి. ఇల్లు కట్టినప్పుడు గీయించిన ప్లాను బీరువాలో భద్రంగానే ఉంది గానీ, ఏ రోజుకారోజు ఇల్లెంతో తేల్చేది మాత్రం నా నడుమూ, ఎడంకాలూను.

మొదట్లో నాకీ సంగతి తెలీదు. ఎవరో గడప ఎత్తు పెంచారనే అనుకున్నాను.

"టైల్సు వేసినప్పుడు మేస్త్రీ గడప లేపేశాడే. మనం చూసుకోలేదు," అన్నాను మా ఆవిడతో.

"టైల్సు వేసి ఆరేళ్ళయిందండీ. నిన్నటిదాకా దాటుతూనే ఉన్నారుగా," అంది.

"నిన్న ఇంత ఎత్తు లేదు."

"అయితే రాత్రికి రాత్రి పెరిగుంటుంది. కడిగినప్పుడు నీళ్ళు ఎక్కువ పోశాను, నాదే తప్పు."

మా ఆవిడ మాటలు ఇలాగే ఉంటాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని కూడా అంది గానీ, అది వంటింట్లోకి వెళ్ళాక, నాకు సరిగ్గా వినపడేంత గట్టిగా అంది.

మాది కర్ణాటకలో, తుంగభద్ర కాలవ కింద, సింధనూరు దగ్గర ఒక క్యాంపు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వరి పండించుకునే వాళ్ళ ఊళ్ళని క్యాంపులనే అంటారు. పాకలు పోయి డాబాలొచ్చినా ఆ పేరు పోలేదు. మూడేళ్ళ కిందట ఎరువు బస్తా భుజానికెత్తుకోబోతే నడుములో ఏదో కలుక్కుమంది. ఆ కలుక్కుమన్నది నడుములోంచి పిరుదులోకి, అక్కణ్ణుంచి తొడ వెనకగా ఎడంకాలి మడమలోకి దిగి, అక్కడే కాపురం పెట్టేసింది. సింధనూరులో ఎముకల డాక్టరు స్కానింగులు తీయించాడు, బిళ్ళలు మింగించాడు, నడుముకి కరెంటు పెట్టించాడు. చివరికి ఓ రోజు చేతులు కట్టుకుని, "డిస్కు ఎప్పుడో సర్దుకుందండీ. నొప్పే సర్దుకోలేదు. కొందరికి ఇలా ఉండిపోతుంది," అన్నాడు. మనిషి మంచివాడే. తనకి తెలియనిది తెలియదని చెప్పే డాక్టరు మీద కోపం ఎలా తెచ్చుకోవాలో నాకర్థం కాక, నమస్కారం పెట్టి వచ్చేశాను.

నొప్పి ఉండటం ఒక ఎత్తు. అది నా కొలతలు మార్చెయ్యడం ఇంకో ఎత్తు. కళ్ళు మూసుకుంటే నా కుడికాలు ఎక్కడుందో, ఎంతుందో నాకు తెలుస్తుంది. ఎడంకాలు మాత్రం ధాన్యం కుక్కిన బస్తాలా బలిసిపోయి, మంచం దాటి ఎక్కడికో వెళ్ళిపోయినట్టుంటుంది. పాదం ఎక్కడ అయిపోతుందో అంతు చిక్కదు. నీరు పట్టిందేమో చూడమని మా ఆవిడ ప్రాణం తీసేవాణ్ణి. ఒకరోజు ఆవిడ జాకెట్ల కొలతలకి వాడే టేపు తెచ్చి రెండు పిక్కలూ కొలిచింది. ఎడమది ఓ పిసరు సన్నంగా ఉంది.

"టేపు సాగిపోయినట్టుంది," అన్నాను.

"సాగితే రెండు కాళ్ళకీ సాగాలి కదండీ."

"మొదట కొలిచిన కాలికి సాగి ఉండదు."

ఆవిడ టేపు చుట్టేసి, నావంక చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అనకపోవడం కూడా ఆవిడకి బాగా చేతనవును.

అంతటితో ఊరుకున్నానా? సింధనూరు బజారులో చెప్పుల కొట్టుకి వెళ్ళి, కుడికాలికి ఎనిమిదో నంబరు, ఎడంకాలికి తొమ్మిదో నంబరు ఇమ్మన్నాను. కొట్టాయన రాయచూరు తెలుగు మనిషి, పాత వ్యాపారస్తుల కుటుంబం. నా కాళ్ళవంక చూశాడు, మొహంవంక చూశాడు, మళ్ళీ కాళ్ళవంక చూశాడు.

"రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి గదన్నా."

"చూడ్డానికి అలా ఉంటాయి."

"గట్ల ఇయ్యరాదు. జోడంటే జోడే. తొమ్మిదిల ఎడమది మీరు తీస్కపోతే, దాని కుడిది నేనెవరికి అమ్మాలె?"

"కుడికాలు లావైనవాడు ఒకడు రాకపోతాడా? వాడికివ్వండి."

"వస్తె మీకే ఫోన్ చేస్తా, మీరిద్దరు మాట్లాడుకోండ్రి," అన్నాడాయన, చాలా గంభీరంగా.

చివరికి రెండు జోళ్ళూ కొనుక్కుని వచ్చాను. ఎడం చెప్పు నా పాదానికంటే ఓ అడుగు ముందే నడిచేది. టపటపా అది ముందు వచ్చేది, వెనకాల నేను. మా వీధిలో ఆడవాళ్ళు చప్పుడు విని, "అన్నయ్యగారు వస్తున్నారు, గుమ్మాలు జాగ్రత్త," అని నవ్వుకునేవాళ్ళు. మిగిలిన చిన్న ఎడమా పెద్ద కుడీ పెరట్లో పడున్నాయి. వీధికుక్కలు కూడా వాసన చూసి వదిలేశాయి.

ఇవన్నీ చెప్పుకుంటే నవ్వొస్తుంది, నేనూ నవ్వుతూనే చెబుతాను. కానీ భయం కూడా వేసేది. కాలవ గట్టున టీ హోటలు ఓ రోజు చేతికందేలా ఉండి, మర్నాడు చూపు ఆననంత దూరం జరిగిపోతే, ఏ రోజుది నమ్మాలి? ఇంత వయసొచ్చాక నా ఒళ్ళు ఎక్కడిదాకా ఉందో నాకు తెలియకపోతే, ఇంక నాకు తెలిసింది ఏముంది? ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే డాక్టర్ని మారుస్తారు.

అయితే నాకు తెలిసింది ఒకటుంది, దాని మీద నాకు ఎక్కడలేని పొగరు. అది నా కంటి మట్టం. మా నాన్న తరం వాళ్ళు వచ్చేసరికి ఇక్కడ నేలంతా ఎగుడుదిగుడు నల్లరేగడి. కాలవ నీళ్ళు వచ్చినా వరికి నిలవాలంటే నేల పళ్ళెంలా ఉండాలి. మా నాన్న గట్టు మీద గొంతుక్కూచుని, గడ్డం మోకాలి మీద ఆనించి, ఒక కన్ను మూసేవాడు. ఆ మూల బెత్తెడు మెరక, ఈ మూల నాలుగు వేళ్ళు పల్లం అని చెప్పేవాడు. నీళ్ళు పెడితే ఆయన చెప్పినట్టే నిలిచేవి. పొలం అన్నదమ్ములం నలుగురం పంచుకున్నాం గానీ ఆ కన్ను మాత్రం నా ఒక్కడికే వచ్చింది.

ఆ కన్ను పుణ్యాన క్యాంపులో నేను లేకుండా మట్టం పని జరిగేది కాదు. చేలకి సరే, డాబా వాన నీళ్ళు ఏ వైపు పోవాలన్నా, పెళ్ళిపందిరి రాటలు నిటారుగా ఉన్నాయా అన్నా నన్నే పిలిచేవాళ్ళు. ఒక పెళ్ళిలో పీటలు వంకరగా ఉన్నాయని నేను రెండుసార్లు లేపించేసరికి పురోహితుడు అలిగి, లగ్నం నేనే చెప్పుకోమన్నాడు. నొప్పి వచ్చాక ఒక్కటే తేడా. గొంతుక్కూచోలేను. నిలబడే చూసేవాణ్ణి. కన్ను కన్నే కదా, కింద నుంచి చూస్తేనేం, పైనుంచి చూస్తేనేం అనుకున్నాను.

ఈ ఏడు తొలకరికి ముందు మా బావగారు వచ్చారు. మా ఆవిడకి సొంత అన్నగారు. మా చేను పక్కదే ఆయన చేను. కుర్చీలో కూచుని, మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, అసలు మాటకొచ్చారు.

"బావా, ఈ పంటకి చేను కౌలుకిచ్చెయ్యకూడదూ? నడుం చూసుకో ముందు."

నేను మా ఆవిడవంక చూశాను. ఆవిడ గోడకున్న కేలండరు వంక చూసింది. ఇద్దరూ ముందే అనుకున్నారని తెలిసిపోయింది.

"ఒక్క పంటకే కదండీ," అంది కేలండరుతో.

కౌలుకిచ్చిన వాడు మళ్ళీ చేలో దిగడం మా క్యాంపులో నేను చూడలేదు. మొదట ఒక్క పంటకే అంటారు. తరవాత గట్టు మీద కుర్చీ వేసుకుని చూస్తారు. ఆ తరవాత కుర్చీ వరండాలోకి వస్తుంది, వరండాలోంచి టీవీ ముందుకి వస్తుంది. ఇల్లు నా మాట వినడం మానేసింది. కాలు ఎప్పుడో మానేసింది. చేను ఒక్కటే మిగిలింది, ఎంత నొప్పిలోనూ దాని నాలుగు మూలలూ ఎక్కడున్నాయో నాకు తెలుసు. అది కూడా వేరేవాడి చేతిలో పెట్టేస్తే నేనన్నవాణ్ణి ఇంకెక్కడుంటానో తెలియలేదు. నాకు చచ్చేంత భయమేసింది. భయమేస్తే నాకు నోరు లేస్తుంది.

"నా చేను నేనే చేసుకుంటాను," అన్నాను.

"ఎలా చేస్తావు? ఆ రెండు మళ్ళూ కలిపేసి మధ్య గట్టు తీయించావు, ఒకటి మెరక, ఒకటి పల్లం. ముందు అది మట్టం కావాలి. పోనీ లేజరు మిషను పంపిస్తాను, ఒక్క పూటలో చదును చేసి పోతుంది."

ఆ లేజరు మాటతో నా తల తిరిగిపోయింది. మా నాన్న కన్ను ఇంట్లో ఉండగా ఎక్కణ్ణుంచో మిషను రావాలా?

"మట్టం నేనే చూస్తాను. నీళ్ళు పెట్టిన రోజున ఎక్కడన్నా ఒక్క మెరక తేలిందా, ఆ రోజే చేను కౌలుకిచ్చేస్తాను. తేలలేదో, ఈ ఇంట్లో కౌలన్న మాట ఎవరూ ఎత్తకూడదు. మాటంటే మాట," అన్నాను.

బావగారు లేచి చెయ్యి కలిపారు. మా ఆవిడ కేలండరు వదిలి నావంక చూసింది. ఆ చూపులో జాలి ఉంది. అది నాకు బొత్తిగా నచ్చలేదు.

మట్టం పనికి అరకేర నుంచి ఏటా వచ్చే ట్రాక్టరాయనే వచ్చాడు. బ్లేడు బిగించుకుని, బీడీ ముట్టించుకుని, ఎటు తొయ్యమంటారని అడిగాడు. నేను గట్టు మధ్యలో, చేనుకి ఎదురుగా, కుడికాలి మీద బరువేసి నిలబడ్డాను. ఒక కన్ను మూశాను. చేను మొత్తం ఎడం పక్కకి దిగిపోయి కనపడింది. కాస్తా కూస్తా కాదు, గోళీకాయ వదిలితే ఆ చివరికి దొర్లిపోయేలా ఉంది. ఇంత పల్లం ఇన్నాళ్ళూ ఎలా కనపడలేదా అని ఆశ్చర్యపోయాను.

"ఎడం పక్క పల్లం. కుడివైపు మన్ను తీసి అటు తొయ్యి," అన్నాను.

ఆయన చేనువంక చూశాడు. "ఏంది సావుకారు, ఎడమకు గంత పల్లం నాకైతె కనపడ్తలేదు."

"నువ్వు సీటు మీంచి చూస్తున్నావు."

"సరె తియ్యి. మీ చేను, మీ కన్ను. నాకేం ఫికర్."

ఆయన మన్ను ఎడంవైపుకి తోశాడు. నేను చూశాను, ఇంకా పల్లమే. మళ్ళీ తోశాడు. ఇంకా పల్లమే. ఆ పక్కన నేల ఎంత మన్ను పోసినా మింగేస్తోంది. మధ్యాన్నం అన్నం తెచ్చిన మా ఆవిడ కాసేపు నిలబడి చూసి, "అటు ఎక్కువవుతోందేమో చూసుకోండి," అంది. వంటలో ఉప్పు సంగతి నేను చెబుతున్నానా అన్నాను. ఆవిడ క్యారేజీ విప్పింది. ఆ రోజు పప్పులో ఉప్పు లేదు, అయినా నేను చెప్పలేదు.

సాయంత్రానికి చేను నా కంటికి దివ్యంగా కనపడింది. ఒక చివర నుంచి ఇంకో చివరకి తాడు లాగి పట్టినట్టుంది. బావగారు అటుగా వచ్చి నా పక్కన నిలబడి, చేనుని కాకుండా నన్ను చూశారు.

"బావా, అలా కుడివైపుకి వాలిపోయి నిలబడ్డావేంటి?"

"నేనెక్కడ వాలాను? గట్టు వంకరగా ఉంది."

ఆయన గట్టువంక చూసి, నావంక చూసి, తలొంచుకుని వెళ్ళిపోయారు. లేజరు ఓడిపోయిందని బాధపడుతున్నారనుకున్నాను. ఆ రాత్రి నొప్పి ఉన్నా హాయిగా ఈలేసుకుంటూ పడుకున్నాను.

మా వంతు నీళ్ళు వచ్చిన రోజున పొద్దున్నే చేను దగ్గరికి వెళ్ళాం. పందెం సంగతి క్యాంపంతా పాకినట్టుంది, నీళ్ళు చూడ్డానికి ఎన్నడూ రానివాళ్ళు కూడా వచ్చి గట్ల మీద నిలబడ్డారు. నీళ్ళలో బురద దున్ని దమ్ము చెయ్యడానికి ట్రాక్టరాయన ఇనప చక్రాలు బిగించుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను పెళ్ళికొడుకులా తెల్ల పంచె కట్టుకుని వెళ్ళాను. మా ఆవిడ వద్దంది. తూము ఎత్తాం.

నీళ్ళు గలగలా వచ్చాయి. లోపలికి రాగానే, ఎవరో పిలిచినట్టు, అన్నీ కుడివైపుకి పరుగెత్తాయి. కుడి మూల నిండింది. ఇంకా నిండింది. అక్కడ చెరువు తయారయింది. ఎడం పక్కకి చుక్క కూడా పోలేదు. నల్లటి మన్ను అక్కడ వీపు పైకెత్తి గేదెలా పడుకుని ఉంది. కాసేపటికి ఎక్కణ్ణుంచో కొంగలు వచ్చి, క్యాంపు మొత్తం చేలల్లో ఇంక చోటే లేనట్టు, ఆ దిబ్బ మీదే దిగాయి.

మొదట మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆపుకోలేక గట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిణ్ణి చూసి అందరూ అందుకున్నారు.

"సావుకారు, అది మెరక గాదు, గుట్ట. పైన గుడి కట్టొచ్చు," అన్నాడు ట్రాక్టరాయన.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడిందట," అన్నారు బావగారు.

"నవ్వండి, నవ్వండి. నవ్విన నాపచేనే పండుతుంది," అన్నాను. ఒళ్ళు మండిపోతోంది. దిబ్బవంక చూశాను, నీళ్ళవంక చూశాను, నా కంటికి కనపడింది కనపడినట్టు నోరు జారి అనేశాను. "అసలు ఆ నీళ్ళు చూడండి, ఎలా ఎడం పక్కకి వాలి ఉన్నాయో."

అన్నాక నా మాట నాకే వినపడింది. నీళ్ళు వాలవు. పసిపిల్లవాడిని అడిగినా చెబుతాడు. కదలకుండా నిలిచిన నీళ్ళు నా కంటికి ఎడం పక్కకి దిగిపోయి కనపడుతున్నాయి. గడపా కాదు, గుమ్మమూ కాదు, చేనూ కాదు. వాలింది నేను. మూడేళ్ళుగా నొప్పి ఉన్న పక్కనుంచి తప్పుకుంటూ తప్పుకుంటూ, ఎంత పక్కకి ఒరిగిపోయానో నాకే తెలీకుండా, దాన్నే నిటారు అనుకుంటూ బతుకుతున్నాను. నేను నిటారుగా ఉన్నానంటే లోకం వాలక ఏం చేస్తుంది?

నాకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. కడుపులో ఎక్కడో మొదలై, ఆగకుండా, కళ్ళ నీళ్ళు కారేలా వచ్చింది. రాటలు గుర్తొచ్చాయి. ఈ మూడేళ్ళలో నేను నిటారుగా పాతించిన పందిళ్ళన్నీ ఎలా ఉన్నాయో, పాపం వాటి కింద తాళి కట్టించుకున్నవాళ్ళు ఎటు ఒరుగుతున్నారో అని ఇంకా నవ్వొచ్చింది.

మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "ఏవండీ, ఒక్కసారి నిటారుగా నిలబడండి."

"ఉన్నాను కదే."

"లేరు. ఇంకొంచెం ఎడం పక్కకి రండి. ఇంకొంచెం. భయపడకండి, ఇంకొంచెం."

ఆవిడ చెప్పినట్టు జరిగాను. ప్రతిసారీ ఎడం పక్కకి పడిపోతున్నట్టే ఉంది. "ఆఁ, ఇప్పుడు నిటారుగా ఉన్నారు," అంది. నీళ్ళు చటుక్కున సమంగా సర్దుకున్నాయి. చేనూ, గట్టూ, దూరంగా కాలవా, అన్నీ ఒక్కసారి గిర్రున తిరిగి తమ తమ చోట్లలో కూచున్నాయి. తిరుణాళ్ళలో రంగులరాట్నం దిగినవాడిలా కళ్ళు తిరిగాయి. కాలు ఎక్కడ వెయ్యాలో తెలియక, గట్టు లేని చోట గట్టుందనుకుని వేశాను. తెల్ల పంచెతో సహా వెళ్ళి కుడి పక్క చెరువులో బోర్లా పడ్డాను.

గట్ల మీద నవ్వు ఠక్కున ఆగిపోయింది. బావగారు పంచె ఎగ్గట్టి దూకబోయారు. నేను బురదలోంచి తల పైకెత్తాను.

"ఎవరూ రాకండి," అన్నాను.

ఎందుకు రావద్దన్నానంటే, బాగుంది. మూడేళ్ళలో ఎప్పుడూ లేనంత బాగుంది. కింద మెత్తటి బురద, మీద గోరువెచ్చటి నీళ్ళు, నడుము మీద నా బరువే లేదు. నొప్పి ఎక్కడో దూరంగా కూచుని నావంక చూస్తోంది గానీ దగ్గరకి రావడంలేదు. ఎడంకాలు కదిపి చూశాను. అది కాలు ఎంతుండాలో అంతే ఉంది. మోకాలు మోకాలి దగ్గర, మడమ మడమ దగ్గర, వేళ్ళు వేళ్ళ దగ్గర, ఒక్కొక్కటీ దొరుకుతున్నాయి. తప్పిపోయిన చుట్టాలు ఒక్కొక్కరే బస్సు దిగుతున్నట్టుంది. పాదం ఎక్కడ అయిపోతుందో నాకు తెలిసింది, దాని అవతల ఉన్నది నీళ్ళు. ఈ చిన్న విషయానికి ఇంత ఆనందం ఉంటుందని ఎవరన్నా చెబితే నమ్మేవాణ్ణి కాదు.

మోచేతులు బురదలో ఆనించి, గడ్డం నీటి మట్టానికి పెట్టి, ఒక కన్ను మూశాను. దిబ్బ స్పష్టంగా, నికరంగా, ఎంత ఎత్తుందో అంత ఎత్తూ కనపడింది.

"ట్రాక్టరు దింపు," అని అరిచాను. "దిబ్బ నెత్తిన బెత్తెడు. ఇటు లాగు. కుడి మూలకి."

"మీరు అడ్డమున్నరు సావుకారు."

"నేను పక్కకి పాకుతాను, నువ్వు లాగు."

అలా మొదలైంది. ఇనప చక్రాలు బురద తొక్కుతుంటే, వెనక కట్టిన పలక దిబ్బని కొంచెం కొంచెంగా కోసుకుని పల్లంలోకి తెచ్చి పోస్తోంది. నేను మొసలిలా ఈ మూల నుంచి ఆ మూలకి పాకుతూ, గడ్డం ఆనించి చూస్తూ, అరుస్తున్నాను. వేలెడు ఇటు. అక్కడ చాలు. గట్టు వారన ఇంకోసారి. గట్ల మీద వాళ్ళు కూడా ఊరుకోలేదు. నాలుగు వైపుల నుంచీ ఇటు ఇటు, అటు అటు అని అరుపులు. ట్రాక్టరాయన స్టీరింగు వదిలి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు, ఒక్కరే చెప్పండ్రి, నాకు తల గిర్రుమంటున్నదని. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగి, అందరినీ ఊరుకోమని, నేను చెప్పేది ఆయనకి అందించింది. నాకు మళ్ళీ నవ్వొచ్చింది. బురద నీళ్ళు మింగాను. ఉమ్మేసి మళ్ళీ నవ్వాను.

కొంగలు లేచి పక్క చేలోకి పోయాయి. పొద్దు వాలేసరికి దిబ్బ పోయింది. పూర్తిగా పోయిందని చెప్పను గానీ, నీళ్ళు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకటే రేకులా పరుచుకున్నాయి. గట్ల మీద జనం ఇళ్ళకి వెళ్ళిపోయారు. బావగారు మాత్రం ఉన్నారు. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, ఎలా మొదలెట్టాలో తెలియక నిలబడ్డారు. ఆయన బాధ నాకర్థమైంది. నేనే మొదలెట్టాను.

"మెరక తేలింది బావగారూ. ఊరంతా చూసింది. మాటంటే మాట. కౌలుకి ఎవరో ఒకర్ని చూడండి."

నవ్వుతూనే అందామనుకున్నాను. నవ్వు సగం దాకానే వచ్చింది. మిగతాది బురదలోకి చూస్తూ చెప్పాను. చేను ఎంత చల్లగా, ఎంత దగ్గరగా ఉందో అప్పుడే తెలిసింది.

మా ఆవిడ గట్టెక్కి కాళ్ళు కడుక్కుంటోంది.

"ఆగన్నయ్యా," అంది. "నడుం విరిగి మంచానపడతారనే కదా నేను ఇచ్చెయ్యమన్నది. పొద్దుట్నుంచీ ఈయన అమ్మా అని మూలగడం విన్నావా?"

"లేదు."

"నేనూ వినలేదు. ఇంట్లో కూచున్న రోజున గంటకోసారి వింటాను." ఆవిడ కొంగుతో కాళ్ళు తుడుచుకుంది. "మాట ఇచ్చింది ఈయన, నేను కాదు. చేను ఎవరికీ ఇచ్చేది లేదు. వచ్చే ఏడు మట్టం మాత్రం నీ లేజరుతోనే చేయిద్దాం. ఏవండీ, వింటున్నారా? నిటారుగా ఉన్నారో లేదో ఇకనుంచి నేను చెబుతాను. చెప్పినప్పుడు వాదించకూడదు."

"వాదించను," అన్నాను. లేజరు మాట కూడా చేదుమందులా మింగేశాను.

బావగారు నవ్వేసి, చెప్పులు కిందపడేసి తొడుక్కుని, తూము చూసొస్తానని వెళ్ళారు.

"ఇంక లేవండి, జలగలు పట్టేస్తాయి," అంది మా ఆవిడ.

లేవబోయాను. నీళ్ళలోంచి నడుము పైకి రాగానే నొప్పి పరుగెత్తుకుంటూ తిరిగొచ్చేసింది, ఇంతసేపూ ఎక్కడికి పోయావన్నట్టు. ఎడంకాలు మళ్ళీ బలిసింది. గట్టు జరిగి జరిగి ఎక్కడికో పోయింది. మధ్యలో ఉన్న నాలుగడుగుల బురదా దాటలేని ఏరులా కనపడింది. మోకాళ్ళ మీద ఆగిపోయి, ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయాను.

ఆవిడ గట్టు మీంచి వంగి చెయ్యి చాపింది. అది ఎంత దూరంలో ఉందో నాకు తెలియలేదు. కన్ను ఒకటి చెబుతోంది, నడుము ఒకటి చెబుతోంది. రెంటి మాటా వినకుండా, ఉన్నంత మేరా సాచి నా చెయ్యి ముందుకి చాపాను. అంత చాపక్కర్లేకపోయింది. ఆవిడ చెయ్యి నేననుకున్న దానికంటే చాలా దగ్గర్లో ఉంది.